నీళ్ళు గడ్డకట్టే చలిలో పొలం ఇల్లూ కొట్టమూ నెట్టుకురావడం ఎలా

ఊరికి దూరంగా కాస్త నేల, మధ్యలో ఇల్లు, పక్కన పశువుల కొట్టం, ఒక కోళ్ళ గూడు, బోరు, కట్టెల పొయ్యి. వినడానికి హాయిగానే ఉంటుంది. ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగాక అసలు పని మొదలవుతుంది. ఇలాంటి చోట కొత్తగా చేరినవాళ్ళు ముందుగా అడిగేది ఎంత చలి ఉంటుంది, ఎన్ని దుప్పట్లు కావాలి అని. నన్నడిగితే చలి గురించి టెన్షన్ పడడం దండగ, చలికాలం పనంతా నీళ్ళ పనే. నీళ్ళు ఉండాల్సిన చోట గడ్డకట్టకుండా చూడాలి, ఉండకూడని చోట తడి చేరకుండా చూడాలి. పైపులు, పశువుల తొట్టి మొదటి లెక్కలోకి వస్తాయి. కట్టెలు, కోళ్ళ గూడు, పశువుల ఒంటిమీది బొచ్చు, మీ కాళ్ళ మేజోళ్ళు రెండో లెక్కలోకి వస్తాయి. ఈ రెండూ దారిలో ఉంటే మిగతావి ఓపిక మీద నడిచిపోతాయి.

రోజుకి రెండు చుట్లు

పగలు చిన్నది కాబట్టి పనిని రెండు చుట్లుగా పెట్టుకుంటేనే కుదురుతుంది: తెల్లారాక ఒకటి, చీకటి పడడానికి గంట ముందు ఒకటి. పొద్దున ముందు వంటింటి కుళాయి తిప్పి చూడండి. నీళ్ళు వస్తే బోరూ పైపులూ బాగున్నట్టే, ఇక కొట్టానికి వెళ్ళొచ్చు. అక్కడ మేత కంటే ముందు నీళ్ళ తొట్టి చూడాలి. ఆ తరవాత ఒక్కో జంతువు దగ్గరా ఒక నిమిషం నిలబడి చూడాలి, లేచి నిలబడిందా, నెమరేస్తోందా, పేడ మామూలుగా ఉందా, చెవులు వేలాడేసిందా అని. ఆ నిమిషం దండగ అనిపిస్తుంది గానీ జబ్బుపడ్డ పశువుని ముందుగా పట్టించేది అదే. సాయంత్రం చుట్టులో మాత్రం రేపటి పొద్దుటి పని సగం అయిపోవాలి: రెండు రోజులకి సరిపడా కట్టెలు లోపలికి, రెండు మూడు బకెట్ల నీళ్ళు గడ్డకట్టని చోటికి, నెత్తికి కట్టుకునే లైటు చార్జింగుకి, పార గుమ్మం లోపలికి. పార బయట వదిలేశారంటే రాత్రి మంచు పడ్డాక దాన్ని తవ్వి తీయడానికి ఇంకో పార కావాలి.

వాతావరణ సూచన చూసేటప్పుడు డిగ్రీలు ఒక్కటే చూసి ఊరుకోకండి, వాన ఉందా, గాలి ఎటునుంచి ఎంత వేగంతో వస్తుందో కూడా చూడండి. మైనస్ 5 దగ్గర గాలి ఆడని పొడి రాత్రి కంటే, సున్నా దగ్గర వాన పడి ఆ వెంటనే ఈదురుగాలి తిరిగిన రాత్రే పశువులకి ఎక్కువ ప్రమాదం. ఎందుకో కింద వస్తుంది.

పైపులు, బోరు, బయటి కుళాయి

నీళ్ళు గడ్డకడితే వాటి పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. ఐసు పైపు గోడని నెట్టి పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు, కానీ ఎక్కువసార్లు జరిగేది వేరు. పైపు మధ్యలో ఎక్కడో ఐసు అడ్డం పడుతుంది, అది పెరిగేకొద్దీ దానికీ మూసి ఉన్న కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్ళకి పోయే దారి ఉండదు, ఒత్తిడి పెరిగి అక్కడ పైపు చిట్లుతుంది. కాబట్టి గడ్డకట్టిన చోటూ పగిలిన చోటూ ఒకటే కానక్కర్లేదు. గట్టి చలి రాత్రి బయటి గోడ వైపున్న కుళాయిని సన్నటి ధారగా వదలమని పెద్దవాళ్ళు చెప్పేది ఇందుకే. నీళ్ళు కదులుతుంటే అంత తొందరగా గడ్డకట్టవు అన్నది ఒకటి, ఒత్తిడికి బయటపడే దారి దొరకడం ఇంకొకటి, రెండోదే ముఖ్యం. సింకు కింద అలమర తలుపులు కూడా ఆ రాత్రికి తెరిచి పెట్టండి, గదిలో వెచ్చదనం పైపులకి తగులుతుంది.

బయటి కుళాయిలకి తగిలించిన రబ్బరు పైపులు చలి మొదలవకముందే విప్పేయాలి. పెరట్లో గడ్డకట్టని రకం కుళాయిలు పెట్టించుకుని నిశ్చింతగా ఉన్నవాళ్ళు కూడా దెబ్బతినేది ఇక్కడే. ఆ రకం కుళాయిలో అసలు వాల్వు నేల గడ్డకట్టే లోతుకి కింద ఉంటుంది. పైన పిడి దించగానే నిలువు పైపులో మిగిలిన నీళ్ళు అడుగున ఉన్న చిన్న రంధ్రం గుండా మట్టిలోకి ఇంకిపోయి పైపు ఖాళీ అవుతుంది. మూతికి రబ్బరు పైపు తగిలించి ఉంటే గాలి లోపలికి పోదు, నీళ్ళు కిందికి దిగవు, తెల్లారేసరికి గడ్డకట్టి కూర్చుంటాయి. వాడిన ప్రతిసారీ పైపు విప్పి, పిడి పూర్తిగా దించి, మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. గాలిని లోపలికి లాగుతున్నట్టు తెలిస్తే నీళ్ళు దిగుతున్నట్టే. విప్పిన రబ్బరు పైపులో కూడా నీళ్ళు ఉండనివ్వకూడదు: ఒక కొస భుజం మీద వేసుకుని, పైపుని భుజం మీదుగా లాక్కుంటూ రెండో కొస దాకా నడిస్తే నీళ్ళన్నీ ముందుకి జారిపోతాయి. తరవాత చుట్టచుట్టి లోపల పడేయండి. బయట వదిలిన పైపుని కట్టెలా బిగుసుకుపోయాక వంచబోతే విరుగుతుంది.

బోరు మోటారు, ప్రెషర్ ట్యాంకు ఉన్న గది వెచ్చగా ఉండక్కర్లేదు, గడ్డకట్టకుండా ఉంటే చాలు. గోడల సందులు మూసి, థర్మోస్టాట్ ఉన్న చిన్న హీటరు పెట్టి, గదిని 5 డిగ్రీల దగ్గర ఆపితే సరిపోతుంది. లోపల ఒక థర్మామీటరు వేలాడదీస్తే హీటరు పనిచేస్తోందో లేదో ఒక్క చూపుతో తెలుస్తుంది. పైపుకి చుట్టే వేడి వైరు వాడితే ప్యాకెట్ మీద రాసినట్టే చుట్టండి. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు పడితే కొన్ని రకాల వైర్లు ఆ చోట మాడి నిప్పంటుకుంటాయి. పాత వైరు ఎక్కడైనా చిట్లినట్టు, రంగు మారినట్టు కనిపిస్తే ఇక దాన్ని నమ్మకండి.

ఇంత చేసినా పైపు గడ్డకడితే ముందు ఆ కుళాయి తెరవండి. కరిగిన నీళ్ళకి, ఆవిరికి దారి ఉండాలి కదా. తరవాత కుళాయి వైపునుంచి మొదలుపెట్టి గడ్డ ఉన్న చోటి వైపు మెల్లగా వేడి చేస్తూ వెళ్ళండి. హెయిర్ డ్రయ్యర్ గానీ, వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డలు గానీ చాలు. కింద నీళ్ళు చేరి ఉంటే కరెంటు సామాను జోలికి పోకుండా గుడ్డలతోనే కానివ్వండి. నిప్పుల కుంపటి, గ్యాస్ మంట మాత్రం పైపు దగ్గరికి తేవద్దు, ఇళ్ళు తగలబడేది అలాగే. మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇంట్లో ప్రతి ఒక్కరికీ చూపించి, చేత్తో తిప్పించి పెట్టండి. పైపు పగిలింది కరిగేదాకా తెలీదు, తెలిసేసరికి ఇల్లంతా నీళ్ళు. అప్పుడు వాల్వు వెతుక్కుంటూ తిరిగితే లాభం లేదు.

సెప్టిక్ ట్యాంకు ఉన్న చోట, దాని నీళ్ళు ఇంకే చోట పడ్డ మంచుని తీసేయకండి, దాని మీద బండి నడపకండి. తొక్కని మంచు నేలకి దుప్పటిలా పనికొస్తుంది, తొక్కి గట్టిపడ్డ మంచు గుండా చలి లోతుకి దిగుతుంది.

కొట్టంలో నీళ్ళు ముందు, మేత తరవాత

పాలు బాగా ఇచ్చే పెద్ద ఆవు రోజుకి 100 లీటర్లు కూడా తాగుతుంది, గుర్రానికి 20 నుంచి 40 లీటర్లు కావాలి. ఎండాకాలం అయితే తొట్టి ఖాళీ అయితే గోల చేస్తాయి. చలికాలంలో అలా చేయవు, తాగడం తగ్గించేస్తాయి, ప్రమాదం అక్కడే. పచ్చిగడ్డి పోయి ఎండుగడ్డి మీద ఉన్న జంతువుకి నీళ్ళు ఇంకా ఎక్కువ కావాలి. తాగడం తగ్గితే తినడం తగ్గుతుంది, గుర్రాలకైతే పేగులో మేత గట్టిపడి అడ్డం పడుతుంది, నొప్పితో కింద పడి పొర్లుతాయి. మంచు నాకి బతుకుతాయిలే అని వదిలేయకండి, ఆ మంచుని కరిగించడానికి ఒంట్లో వేడే ఖర్చవుతుంది. వీలైతే గోరువెచ్చని నీళ్ళు పొయ్యండి, గుర్రాలు తేడా వెంటనే చూపిస్తాయి, మంచునీళ్ళ కంటే బాగా ఎక్కువ తాగుతాయి.

తొట్టి గడ్డకట్టకుండా రకరకాల ఉపాయాలు చెప్తారు. నీళ్ళ మీద బంతి తేలేస్తే గడ్డకట్టదు అనేది కాస్త చలికి పనికొస్తుందేమో గానీ గట్టి చలికి బంతితో సహా గడ్డకడుతుంది. తొట్టి చుట్టూ, అడుగున ఇన్సులేషన్ పెట్టి, పైన సగం మూత వేసి, ఎండ పడే చోట పెట్టడం నిజంగా పనిచేస్తుంది. కరెంటు ఉన్న చోట తొట్టి హీటరే ఉత్తమం, కాకపోతే వైరు జంతువుకి అందకుండా ఇనప గొట్టంలోంచి పోనివ్వాలి, లీకేజీ వస్తే కరెంటు ఆపేసే బ్రేకరు తప్పనిసరిగా ఉండాలి. పశువులు దాహంగా తొట్టి దాకా వచ్చి, మూతి పెట్టబోయి, ఉలిక్కిపడి వెనక్కి తగ్గుతుంటే నీళ్ళు బాగాలేవనుకోకండి. హీటరు లీకై నీళ్ళలో కరెంటు పారుతోందేమో చూడాలి, ముందు ప్లగ్గు పీకి తరవాత మిగతా సంగతి.

కరెంటు లేని చోట నల్ల రబ్బరు తొట్లు కొనుక్కోండి. ప్లాస్టిక్ బకెట్టులో గడ్డకట్టిన ఐసుని గొడ్డలి మడమతో కొడితే బకెట్టే పోతుంది. రబ్బరు తొట్టిని బోర్లించి అడుగు మీద నాలుగు తన్నులు తంతే ఐసు దిమ్మ ఒక్కటిగా ఊడి పడుతుంది, దాన్ని దారికి దూరంగా ఒక మూలకి దొర్లించి, తొట్టిలో కొత్త నీళ్ళు పోస్తే అయిపోయింది. చిన్న మందకి రోజుకి రెండు మూడు సార్లు ఇలా చేస్తే ఏ హీటరూ అక్కర్లేదు.

ఇక మేత. నెమరేసే జంతువుకి పొట్టే పొయ్యి. గడ్డిలో పీచు పొట్టలో పులిసేటప్పుడు వేడి పుడుతుంది. అందుకే చలి ముదిరితే పెంచాల్సింది గింజల దాణా కంటే ముందు ఎండుగడ్డి. అది కూడా ఎక్కువ భాగం సాయంత్రం చుట్టులో వేస్తే రాత్రంతా ఆ వేడి పనికొస్తుంది. దాణా ఒక్కసారిగా పెంచితే కడుపు పాడవుతుంది, పెంచాల్సి వస్తే కొన్ని రోజుల మీద పెంచండి.

తడి ఎంత ముఖ్యమో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది. చలికాలపు బొచ్చు దట్టంగా పెరిగి, పొడిగా, గాలి తగలకుండా ఉన్న ఆవు దాదాపు మైనస్ 8 డిగ్రీల దాకా అదనపు మేత అక్కర్లేకుండా తట్టుకుంటుంది. అదే ఆవు తడిసిపోతే 15 డిగ్రీల దగ్గరే చలిని తట్టుకోవడానికి ఒంటి శక్తిని ఖర్చు పెట్టడం మొదలుపెడుతుంది. బొచ్చు తడిసి ఒంటికి అతుక్కుంటే మధ్యలో నిలిచే గాలి పొర పోతుంది, అంతే సంగతి. కాబట్టి నాలుగు గోడల వెచ్చని కొట్టం లేకపోయినా ఫర్వాలేదు, పైన కప్పు, గాలి వచ్చే వైపు ఒక అడ్డు, కింద పొడి గడ్డి ఉంటే చాలు. వీపు మీద పడ్డ మంచు కరక్కుండా అలాగే ఉంటే అయ్యో పాపం అనుకోకండి, ఒంటి వేడి బయటికి పోవట్లేదన్నమాట, బొచ్చు బాగా పనిచేస్తోంది.

చలి అని కొట్టాన్ని సందు లేకుండా మూసేయడం చాలామంది చేసే పొరపాటు. ఊపిరి తేమ, మూత్రం ఘాటు లోపలే ఉండిపోతే ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. నిలబడి వాసన చూస్తే తెలీదు, దూడ మూతి ఎత్తుకి వంగి ఊపిరి పీల్చండి, కళ్ళు మండితే దూడకీ మండుతున్నట్టే. పై భాగంలో గాలి బయటికి పోయే సందు ఉంచి, జంతువు ఒంటికి తగిలే ఎత్తులో మాత్రమే గాలిని ఆపాలి. బొచ్చు పెరిగాక జంతువు చిక్కిందో లేదో కంటికి తెలీదు కాబట్టి వారానికొకసారైనా పక్కటెముకల మీద చెయ్యి పెట్టి నొక్కి చూడండి. ఈ చలిలో ఈతకొచ్చినవి ఉంటే పుట్టిన పిల్లని ముందు పొడిగా తుడవడం, వెంటనే జున్నుపాలు తాగించడం, ఈ రెండూ అన్నిటికంటే ముందు. చెవులు, తోక కొస కూడా తుడవండి, ముందు గడ్డకట్టేవి అవే.

కోళ్ళు

కోళ్ళకి చలి పెద్ద లెక్క కాదు, ఈకలు ఉన్నాయి. గూట్లో తేమ ఉంటేనే నెత్తిమీది తురాయి గడ్డకట్టి నల్లబడుతుంది. పొద్దున గూడు తెరిచినప్పుడు లోపలి గోడల మీద, కిటికీ అద్దం మీద నీటి చుక్కలు గానీ మంచు పొర గానీ ఉంటే గాలి సరిపోవట్లేదని అర్థం. అవి పడుకునే కర్ర కంటే పైన, చూరు కింద సందులు ఉంచండి, తేమ పైనుంచి పోతుంది, గాలి కోడికి తగలదు. కర్ర గుండ్రంగా సన్నగా ఉండే బదులు వెడల్పుగా ఉంటే కాళ్ళ వేళ్ళని పొట్ట ఈకల కింద దాచుకుంటాయి. నీళ్ళ గిన్నె రాత్రి లోపల ఉంచితే తేమ పెరగడం తప్ప లాభం లేదు, చీకట్లో అవి తాగవు.

వేడి లైటు పెట్టొద్దు. ఎండుగడ్డి, దుమ్ము, ఈకలు, ఎగిరే కోళ్ళు, వీటి మధ్య వేలాడే మండే బల్బు. గూళ్ళు, ఒక్కోసారి పక్కనున్న కొట్టాలు కూడా, తగలబడిపోయేది దీనివల్లే. గుడ్లు తగ్గడానికి చలి కంటే పగటి వెలుతురు తగ్గడమే పెద్ద కారణం. రోజుకి 14 నుంచి 16 గంటల వెలుతురు ఉంటేనే బాగా పెడతాయి. గుడ్లు కావాలంటే తెల్లవారుజామున వెలిగేలా టైమరుతో చిన్న ఎల్‌ఈడీ బల్బు చాలు, లేదంటే వాటికీ కొన్నాళ్ళు సెలవు ఇవ్వండి, నాకైతే రెండోదే నచ్చుతుంది. గట్టి చలిలో గుడ్లని ఎప్పటికప్పుడు తీసేయాలి, లేకపోతే గడ్డకట్టి పెంకు చిట్లుతుంది.

కట్టెలు, పొయ్యి, బూడిద

కట్టెల విషయంలో సగం కష్టాలు పచ్చి కట్టెతోనే వస్తాయి. కట్టెలో తేమ 20 శాతం కంటే తక్కువ ఉండాలి. చెట్టు కొట్టగానే అది 50 శాతం దగ్గర కూడా ఉంటుంది. తేమ కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది, కానీ కట్టె పైభాగంలో గుచ్చితే తప్పు లెక్క చూపిస్తుంది. కట్టెని అప్పటికప్పుడు చీల్చి, కొత్తగా తెరుచుకున్న ముఖం మీద గుచ్చాలి. మీటరు లేకపోతే రెండు పేళ్ళని ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినవి టంగుమని మోగుతాయి, పచ్చివి దబ్బుమంటాయి. కొసల్లో బీటలు, ఊడొచ్చే బెరడు, చేతికి తేలిక, ఇవీ గుర్తులే.

పచ్చి కట్టె వేస్తే వేడిలో చాలా భాగం దానిలో నీళ్ళని ఆవిరి చేయడానికే పోతుంది, పొగ చల్లగా ఉంటుంది, ఆ పొగ గొట్టం గోడలకి తారులా అంటుకుంటుంది. అది పేరుకుపోయి ఒకరోజు అంటుకుంటే గొట్టంలో పెద్ద హోరు వినిపిస్తుంది. అప్పుడు పొయ్యి తలుపు, గాలి దారులు మూసేసి, అందర్నీ బయటికి పంపి, ఫైర్ సర్వీసుకి ఫోన్ చేయండి, మంట అదే ఆరిందనుకున్నా గొట్టం చూపించకుండా మళ్ళీ వెలిగించొద్దు. గొట్టాన్ని ఏడాదికి కనీసం ఒకసారి శుభ్రం చేయించాలి. లోపల పొర 3 మిల్లీమీటర్లు దాటితే ఏడాది ఆగక్కర్లేదు, వెంటనే చేయించాలి. పొయ్యి అద్దం రోజూ నల్లబడుతోందంటే కట్టె పచ్చిదైనా అయ్యుండాలి, గాలి మరీ బిగించైనా ఉండాలి. రాత్రంతా నిలవాలని గాలిని పూర్తిగా బిగించి, పెద్ద దుంగ పెట్టి, పొగబెట్టి పడుకునే అలవాటు ఉంటే మానుకోండి.

వెలిగించడం తలకిందులుగా చేసి చూడండి: అడుగున పెద్ద పేళ్ళు, వాటి మీద చిన్నవి, పైన చితుకులు, పైనుంచి నిప్పు. పొగ తక్కువ, గొట్టం తొందరగా వేడెక్కుతుంది. పొయ్యిలో రెండు మూడు సెంటీమీటర్ల బూడిద ఉంచేయండి, నిప్పులు నిలుస్తాయి. తీసిన బూడిదని మూత ఉన్న ఇనప బకెట్టులోనే వేసి, ఇంటికి దూరంగా రాతి మీదో మట్టి మీదో పెట్టాలి. చెక్క వరండాలో, అట్టపెట్టెలో, ప్లాస్టిక్ బకెట్టులో అస్సలు వద్దు, పైకి చల్లారినట్టు కనపడ్డా లోపల నిప్పు కణికలు రోజుల తరబడి బతికే ఉంటాయి. పూర్తిగా చల్లారాక జారే దారి మీద చల్లుకోవచ్చు, తోటలో కొంచెం కొంచెంగా వేయొచ్చు, పుల్లటి నేల ఇష్టపడే మొక్కలకి మాత్రం వేయకూడదు.

కట్టెల వామి నేలకి ఆనకుండా కింద అడ్డకర్రలు వేసి పేర్చండి, పైన మాత్రమే కప్పండి, పక్కలు గాలికి వదిలేయండి. చుట్టూ టార్పాలిన్ కట్టేస్తే లోపల ఎండే బదులు బూజు పడుతుంది.

ఏది మండుతున్నా, కట్టెలైనా గ్యాసైనా జనరేటరైనా, కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకగది దగ్గర ఒకటి ఉండాలి. ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే జలుబనుకుని పడుకోకండి, అందరూ బయటికి వచ్చేయండి.

మంచు తీయడం, జారుడు

మంచు పడకముందే దారికి రెండు పక్కలా ఎత్తు కర్రలు పాతితే దారి ఎక్కడుందో, గుంట ఎక్కడుందో తెలుస్తుంది. మంచు ఆగాక ఒకేసారి తీద్దామనుకోకండి, పడుతుండగానే మధ్యమధ్యలో తీస్తే నడుము మిగులుతుంది. కొత్తగా పడ్డ పొడి మంచు ఘనపు మీటరుకి 50 నుంచి 100 కిలోలు తూగితే, తడి మంచు దానికి మూడు నాలుగు రెట్లు తూగొచ్చు. ఎత్తి విసరడం కంటే పక్కకి నెట్టండి, ఎత్తాల్సి వస్తే మోకాళ్ళు వంచండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, అలవాటు లేనివాళ్ళు చల్లగాలిలో ఒక్కసారిగా ఈ పనికి దిగకూడదు, ఇందులో గుండెపోటు వచ్చి పోయినవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు.

మామూలు ఉప్పు మైనస్ 9 డిగ్రీల కిందికి పోతే దాదాపు పనిచేయదు. అంతకంటే చలికి కాల్షియం క్లోరైడ్ కావాలి. రెండూ మొక్కలకీ, సిమెంటుకీ, కుక్క పాదాలకీ మంచివి కావు కాబట్టి నేను మెట్ల మీద తప్ప వాడను, మిగతా దారికి ఇసుక చాలు. కప్పు మీద మంచుని పొడుగు కర్ర ఉన్న పారతో నేల మీద నిలబడే లాగాలి, నిచ్చెన ఎక్కొద్దు. చూరు నుంచి లావు ఐసు కడ్డీలు వేలాడుతుంటే అటక గుండా ఇంటి వేడి కప్పుకి పారుతోందని అర్థం కావచ్చు, సందులు మూయాల్సింది పైన కాదు, లోపల.

కరెంటు కంచె ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: పొడి మంచు మీద నిలబడ్డ జంతువుకి షాక్ సరిగా తగలదు, నేల ద్వారా కరెంటు తిరిగి పోవడానికి మంచు అడ్డం. ఒక తీగకి కరెంటు, దాని పక్క తీగకి ఎర్తింగ్ ఇస్తే రెండూ ఒకేసారి తగిలి షాక్ కొడుతుంది.

కరెంటు పోతే, బండి కదలకపోతే

బోరు మీద ఆధారపడ్డ ఇంట్లో కరెంటు పోతే నీళ్ళూ పోయినట్టే, కాబట్టి తుఫాను సూచన రాగానే దొరికిన గిన్నెలన్నీ, స్నానాల తొట్టితో సహా, నింపేయండి. జనరేటరుని ఎప్పుడూ బయటే, కిటికీలకీ తలుపులకీ కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ ఇంటి వైపు కాకుండా అవతలికి పోయేలా పెట్టాలి. షెడ్డు తలుపు తెరిచి పెట్టాం కదా అనే లెక్క పనికిరాదు. గోడ ప్లగ్గులోకి జనరేటరు వైరు గుచ్చితే కరెంటు బయటి లైన్లలోకి వెనక్కి పారి లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. ఇంటి వైరింగుని బయటి లైనునుంచి విడదీసి జనరేటరుకి కలిపే మార్పిడి స్విచ్చు ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోండి.

బండ్ల సంగతి క్లుప్తంగా. చలికి డీజిల్లో మైనం తేలి ఫిల్టరు మూసుకుపోతుంది, కాబట్టి ముందే చలికాలపు డీజిల్ పోయించండి. మైనస్ 18 దగ్గర బ్యాటరీ బలం దాదాపు సగానికి పడిపోతుంది, చార్జింగ్ లేని బ్యాటరీ ఏకంగా గడ్డకట్టి పగులుతుంది, కాబట్టి వాడని బండి బ్యాటరీని చార్జరు మీద ఉంచండి. టైర్లలో గాలి కూడా తగ్గుతుంది, చూసుకోండి. బానెట్ తెరిచినప్పుడల్లా ఎలుక గూడు ఉందేమో చూడండి, వైర్లంటే వాటికి ప్రాణం. ఇంటికైతే 6 మిల్లీమీటర్ల సందు చాలు చిట్టెలుక దూరడానికి, స్టీలు పీచు కుక్కి మూయండి.

మీ ఒళ్ళు

ఒకే లావు కోటు కంటే మూడు పల్చటి పొరలు మేలు, చెమట పట్టకముందే ఒకటి తీసేయాలి. చెమట పట్టిన నూలు బట్ట చలికాలంలో పగవాడు, ఒంటికి తగిలే పొర ఉన్నిదో త్వరగా ఆరే బట్టదో ఉండాలి. కొట్టంలో ఒక జత పొడి మేజోళ్ళు, ఒక జత చేతి తొడుగులు విడిగా ఉంచుకోండి, తొట్టి దగ్గర చెయ్యి తడవని రోజు ఉండదు. ఒంటరిగా పని చేస్తుంటే ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, బయటి జేబులో చలికి బ్యాటరీ చచ్చిపోతుంది. పక్కన పని చేసే మనిషి మాట తడబడుతుంటే, చేతిలో వస్తువులు జారవిడుస్తుంటే, అప్పటిదాకా వణికి ఇప్పుడు వణకడం ఆపేస్తే, వెంటనే లోపలికి తీసుకెళ్ళి, తడి బట్టలు మార్చి, డాక్టరుకి ఫోన్ చేయండి. గడ్డకట్టి తెల్లబడ్డ వేళ్ళని రుద్దొద్దు, నిప్పు సెగ చూపించొద్దు, స్పర్శ ఉండదు కాబట్టి కాలినా తెలీదు. మళ్ళీ గడ్డకట్టే ప్రమాదం లేని చోటికి చేరాకే 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో ముంచాలి.

తీరిక దొరికిన పొద్దున చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. కొత్త మంచు పడిన మర్నాడు కంచె వెంట ఒక చుట్టు తిరగండి, నక్కా కుక్కా ఏ సందులోంచి వస్తున్నాయో అడుగులు చూపిస్తాయి, ఆ సందు అప్పుడే మూయొచ్చు. ఆపిల్ లాంటి ఆకురాలే చెట్ల కొమ్మలు కత్తిరించడానికి, అవి నిద్రలో ఉన్న ఈ కాలం చివరే మంచిది. గొడ్డళ్ళు, కొడవళ్ళు, రంపాలు పదును పెట్టి నూనె పూయండి. గట్టి చెట్టు కట్టె ఎండడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది కాబట్టి వచ్చే చలికాలం కట్టెలు ఈ చలికాలంలోనే కొట్టి, చీల్చి, పేర్చేయాలి. గడ్డకట్టిన దుంగ గొడ్డలికి తేలిగ్గా చీలుతుంది కూడా.